కొత్తపేట (కోనసీమ)

కొత్తపేట డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో మండల కేంద్రం, శాసనసభ నియోజకవర్గ కేంద్రం. గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమనున్న కోనసీమకు ఎగువ భాగంలో, రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో ఉంది. 1985లో మండలాలు ఏర్పడేదాకా ఇది తాలూకా కేంద్రం. అందువల్ల కోర్టు, కచేరీలు ఊళ్లోనే ఉండేవి. చుట్టుపక్కల రైతుకు దస్తావేజు పని పడితే ఇక్కడికే రావాలి. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి కోనసీమ వేరు జిల్లా అయింది. రావులపాలెం, ఆత్రేయపురం, ఆలమూరు మండలాలు కూడా కొత్తపేట నియోజకవర్గం కిందికే వస్తాయి.

ఈ ప్రాంతానికి సాగునీరు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వస్తుంది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట పని 1852లో ముగిసింది. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర బయలుదేరి లొల్ల లాకుల వద్ద చీలి కోనసీమ పొలాలకు పారుతుంది. వరి, కొబ్బరి, అరటి ప్రధాన పంటలు. ఎగువన రావులపాలెంలో అరటి మార్కెట్టు, దిగువన అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్టు ఉన్నాయి. నీళ్లు రావడం ఒక ఎత్తు, పోవడం ఒక ఎత్తు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునగడం, గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చులు పెరగడం వంటి కారణాలతో 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దేశమంతా చర్చించిన నిరసన అది. 1986 ఆగస్టు వరద, కొబ్బరి తోటల్ని నేలకూల్చిన 1996 నవంబరు తుపాను ఈ సీమలో నేటికీ కాలానికి గుర్తులు. పెద్దవాళ్లు పిల్లల వయసు చెప్పేటప్పుడు తుపానుకు ముందా, తరవాతా అని లెక్కవేస్తారు.

బయటి ఊళ్లవారికి కొత్తపేట పేరు తెలిసింది విగ్రహాల వల్ల. శిల్పి డి. రాజ్‌కుమార్ వుడయార్ శిల్పశాల ఇక్కడే ఉంది. తెలుగునాట కూడళ్లలో నిలబడ్డ నాయకుల విగ్రహాలెన్నో ఇక్కడ తయారైనవే. ఇలాంటి పనిలో ముందు ఇనుప చువ్వల చట్రం కట్టి, దానిపై బంకమట్టితో రూపం దిద్దుతారు. పోలిక కుదిరిందా లేదా అన్నది తేలేది ఈ మట్టి దశలోనే. పెదవి వంపు, కళ్లజోడు, పంచె మడత ఇక్కడ సరిదిద్దుకోవాలి. ఆ తరవాత అచ్చు తీసి కంచుతోనో ఫైబరుతోనో పోత పోస్తారు. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తన తల్లిదండ్రుల విగ్రహాలను ఇక్కడే చేయించుకున్నారు. 2020లో తన విగ్రహం కూడా చేయమన్నారు. కరోనా వల్ల రాలేక ఫొటోలు పంపారు. ఆ సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశారు. రాజకీయ విగ్రహాల సందడిలో ఈ ఊరి పనితనానికి దక్కాల్సినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

సంక్రాంతికి ఊరంతా ప్రభల తీర్థం మీద ఉంటుంది. వెదురుతో కట్టి, కొత్తబట్టలు చుట్టి, పూలు, గంటలు కట్టిన ప్రభను భుజాల మీద మోసుకొస్తారు. కోనసీమలో పేరుపడ్డది కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండు గ్రామాల శివరూపాలైన రుద్రులు చేరే తీర్థం. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటానికి ఈ ప్రభల తీర్థమే ఇతివృత్తం. కొత్తపేట తీర్థం ప్రత్యేకత బాణసంచా. వీధికీ వీధికీ మధ్య పోటీ నడుస్తుంది. అల్లుళ్లు, ఆడపడుచులు, హైదరాబాదులో స్థిరపడ్డవాళ్లు ఆ రాత్రికి ఊళ్లో ఉండాల్సిందే.

మండలంలో రెండు శైవక్షేత్రాలున్నాయి. మందపల్లి మందేశ్వరుణ్ణి శని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. భక్తులు స్వామికి నువ్వుల నూనెతో అభిషేకం చేస్తారు. పలివెలలో ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయముంది. పూలదండలో వెంట్రుక కనిపించి రాజు నిలదీస్తే, స్వామికే కొప్పుందని అర్చకుడు బొంకాడట. అతణ్ణి కాపాడడానికి లింగం మీద నిజంగానే జుట్టు మొలిచిందని కథ. శని త్రయోదశినాడు మందపల్లిలో అడుగు పెట్టే సందుండదు. తీరిగ్గా చూడదలచినవారు మామూలు రోజు ఎంచుకుని, అదే పూట పలివెల కూడా చూసి రావచ్చు.