ఆగ్నేయమా, వాయవ్యమా? 1054 నాటి అతిథి తార, క్రాబ్ నెబ్యులా

క్రాబ్ నెబ్యులా 1054లో పేలిన నక్షత్రపు శేషమేనా అన్న ప్రశ్నను ఒక్క దిక్కు పేరు పట్టుకుని తిరగదోడిన తీరుపై ఈ వ్యాసకర్తకు మొదటినుంచీ అభ్యంతరం ఉంది. ఆ పని చేసినవారు హో పెంగ్ యోక్, ఆయన సహరచయితలు (1972). చైనా రాజవంశ చరిత్ర ‘సోంగ్ షి’ ప్రకారం అతిథి తార, అంటే హఠాత్తుగా కనిపించిన కొత్త తార, తియన్‌గ్వాన్‌కు, అంటే వృషభరాశిలోని జీటాకు, ఆగ్నేయంగా కొన్ని అంగుళాల దూరాన కనిపించింది. నెబ్యులా ఉన్నది జీటాకు వాయవ్యంగా. కనుక రెంటినీ ముడిపెట్టడం సందేహాస్పదమని వారి వాదం.

నెబ్యులా వ్యాకోచాన్ని గుర్తించి, దాన్ని 1054 నాటి తారతో ముడిపెట్టిన ఖగోళ శాస్త్రవేత్తలు డంకన్, లుండ్‌మార్క్, హబుల్‌ల కృషి తెలిసిందే. అదంతా ఒక లేఖకుడి మాట ముందు తేలిపోతుందా?

శీతకాలపు రాత్రి చిన్న టెలిస్కోపులో జీటాను పట్టుకుని, డిగ్రీకి కాస్త పైగా వాయవ్యానికి జరిపితే మసక మచ్చ ఒకటి తగులుతుంది. ఎన్నోసార్లు అలా జరిపి చూశాక నాకు తట్టింది ఇది: ఆగ్నేయం, వాయవ్యం సరిగ్గా ఎదురెదురు దిక్కులు. చేతికొచ్చిన దిక్కు రాసేసిన తప్పు ఇలా ఉండదు. తారకు ఆగ్నేయాన తియన్‌గ్వాన్ ఉందన్న పరిశీలన, నకలు రాసేటప్పుడు తలకిందులైంది. జీటాకు ఆగ్నేయంగా, అంత దగ్గరలో, కొత్త సూపర్‌నోవా శేషమేదీ దొరకలేదు కూడా.

మిగతా వివరాలన్నీ నెబ్యులా వైపే మొగ్గుతాయి. సోంగ్ వంశపు పాలనా పత్రాల సంకలనం ‘సోంగ్ హుయ్‌యావ్’ ప్రకారం ఆ తార శుక్రుడిలా పగలే 23 రోజులు కనిపించింది. 1054 జూలై 4న మొదలై 1056 ఏప్రిల్ 6 నాటికి కనుమరుగైంది. అంత వెలుగు, అంత కాలం ఉన్నది తోకచుక్క కాదు, మామూలు నోవా కాదు. జపాన్ దినచర్య ‘మెయిగెత్సుకి’ నెల తేడాగా చెప్పినా తారను తియన్‌గ్వాన్ దగ్గరే నిలిపింది. ఇక 1968లో నెబ్యులా నడుమ సెకనుకు 30 సార్లు తిరిగే పల్సార్ బయటపడింది. వాయుతంతువుల నేటి వేగాన్ని వెనక్కి లెక్కిస్తే పేలుడు 1140 ప్రాంతానికి పడుతుంది గానీ, పల్సార్ శక్తి వాటిని వేగిరపరిచిందంటే ఆ చిక్కు వీడుతుంది.

కాబట్టి పాత ఆకాశ నమోదుల్లో దిక్కు కన్నా వ్యవధికే ఎక్కువ విలువ ఇవ్వాలి. మన శాసనాల్లో ఈ తార జాడ వెతికేటప్పుడూ ఇదే వర్తిస్తుంది. అప్పుడు రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్నాడు. ఆషాఢ శ్రావణాల మబ్బులు తార పగటి వెలుగును దాచాయంటారు, సరే. ఆ మార్గశిరంలో వృషభం రాత్రంతా నడినెత్తి మీదుగా సాగింది కదా! తిథి, వారం, నక్షత్రం లెక్కించి దానాలు చెక్కించినవారు ఆ తారను చూసే ఉంటారు. 1054 జూలైకీ 1056 ఏప్రిల్‌కీ మధ్య పడే దానశాసనాల్లో, గ్రహణాలకే పరిమితం కాకుండా, దానానికి చెప్పిన ప్రతి కారణాన్నీ మళ్లీ చదవాలి.