తెరుచుకున్న అంచు: దంతపూరణ లోపాల నమోదు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: పుప్పి పట్టిన పంటిని శుభ్రం చేసి నింపిన పదార్థానికీ, పంటికీ నడుమ ఏర్పడే సందును దంతవైద్యులు పందొమ్మిదో శతాబ్దం నుంచే ఎరుగుదురు. అయినా ఆ లోపానికి వ్యాధినిర్ధారణ పట్టికలో సొంత సంకేతం దక్కడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఈ ఆలస్యానికి కారణాలను ప్రధానంగా అమెరికా దంతవైద్య చరిత్ర ఆధారంగా పరిశీలించడం, లోపాన్ని నమోదు చేయడానికీ పూరణాన్ని మార్చాలని నిర్ణయించడానికీ గల భేదాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దంతపూరణం, పూరణపు అంచు, పుప్పి, వ్యాధినిర్ధారణ సంకేతం, రోగపత్రం.

1. ఉపోద్ఘాతం

"ఫిల్లింగ్ పోయింది, మళ్ళీ పెట్టాలి" అన్నది దంతవైద్యశాలల్లో తరచుగా వినిపించే మాట. "పోయింది" అన్న ఒక్క పదంలో అనేక స్థితులు కలిసిపోతాయి. పూరణం విరిగి ఉండవచ్చు, ఊడిపోయి ఉండవచ్చు, అంచున సందు ఏర్పడి ఉండవచ్చు, ఆ సందు కింద కొత్తగా పుప్పి పట్టి ఉండవచ్చు, లేదా అంచు రంగు మాత్రమే మారి ఉండవచ్చు. వీటిలో కొన్నింటికి కొత్త పూరణం తప్పదు. కొన్నింటికి ఆ అవసరమే లేదు.

పాత పూరణాన్ని తొలగించిన ప్రతిసారీ దానితోపాటు కొంత మంచి పన్ను కూడా పోతుంది. చిన్న పూరణం పెద్దదై, తర్వాత తొడుగు అవసరమై, చివరకు పన్నే పోయే క్రమాన్ని బ్రిటిష్ పరిశోధకుడు రిచర్డ్ ఎల్డర్టన్ గట్టిగా ఎత్తిచూపాడు. కనుక పూరణాన్ని ఎందుకు మార్చారన్న ప్రశ్నకు రోగపత్రంలో జవాబు ఉండడమన్నది పంటి ఆయుష్షుకు సంబంధించిన విషయం.

2. పదార్థంపై వివాదం, అంచుపై కొలత

1833లో క్రాకోర్ సోదరులు న్యూయార్క్‌కు పాదరస మిశ్రమాన్ని, అంటే ఎమాల్గంను తీసుకువచ్చారు. 1840లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ డెంటల్ సర్జన్స్ దానిని తీవ్రంగా వ్యతిరేకించి, 1845లో ఎమాల్గం వాడబోమని సభ్యులచేత ప్రతిజ్ఞ చేయించింది. 1850లో ఆ నియమాన్ని ఉపసంహరించుకుంది. 1856 నాటికి సంస్థే అంతరించింది. ఈ వివాదమంతా పదార్థం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న చుట్టూ సాగింది. ఒక పూరణం ఏ చోట, ఏ విధంగా విఫలమైందో చెప్పే ఉమ్మడి భాష ఇరుపక్షాలకూ లేదు.

జి. వి. బ్లాక్ (1836–1915) ఈ చర్చను కొలతల దారికి మళ్ళించాడు. 1895–96 ప్రాంతంలో వెండి–తగరపు మిశ్రమాలు గట్టిపడేటప్పుడు కుంచించుకోవడాన్ని, వ్యాకోచించడాన్ని ఆయన కొలిచాడు. కుంచించుకున్న పూరణం పంటి గోడ నుంచి విడివడుతుంది. అంచు దగ్గర సందుకు ఒక భౌతిక కారణం అలా స్పష్టమైంది. 1908లో వెలువడిన తన రెండు సంపుటాల గ్రంథంలో బ్లాక్ గుంతలను అవి పంటిపై ఉన్న చోటును బట్టి వర్గీకరించాడు. ఆ వర్గీకరణ నేటికీ బోధనలో ఉంది. అయితే అది గుంత ఎక్కడ ఉందో చెబుతుంది. వేసిన పూరణం ఎందుకు చెడిందో చెప్పడం దాని పని కాదు.

3. చేసిన పనికి సంకేతం, కారణానికి మౌనం

పళ్ళకు అంకెలు వేసే పద్ధతి ముందే వచ్చింది. 1861లో వియన్నాకు చెందిన జిగ్మండీ నోటిని నాలుగు భాగాలుగా విభజించి పళ్ళను గుర్తించే విధానాన్ని ప్రతిపాదించాడు. 1969లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దంతచికిత్సా విధానాలకు ఏకరూప సంకేతాలను ప్రచురించింది. 2000లో వెలువడిన సమాఖ్య నియమం వాటినే దంతచికిత్సా క్లెయిములకు ప్రమాణంగా నిర్ణయించింది.

ఈ రెండింటితో ఏ పంటికి ఏ పని చేశారో తెలిసేది. ఎందుకు చేశారో తెలిసేది కాదు. రుసుము చేసిన పనికి దక్కుతుంది గనుక సంకేతమూ పని చుట్టూనే పెరిగింది. ఫలితంగా, తొలిసారి వేసిన పూరణమూ, అంచు విచ్చినందువల్ల మళ్ళీ వేసిన పూరణమూ లెక్కల్లో ఒకేలా కనిపించాయి. అసోసియేషన్ క్లెయిము పత్రంలో వ్యాధినిర్ధారణ సంకేతానికి గడులు చేరినది 2012 రూపంలోనే.

4. నాలుగు అక్షరాల కొలబద్ద

అంచును వర్ణించే క్రమబద్ధమైన భాష పరిశోధనారంగం నుంచి వచ్చింది. 1971లో అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం ప్రచురించిన క్వార్, రైగే ప్రమాణాలు పూరణాన్ని నాలుగు స్థాయిలలో నమోదు చేశాయి. పరీక్షించే సన్నని మొన అంచున ఎక్కడా తట్టుకోకపోతే ఆల్ఫా. సందు కనిపించి, మొన అందులోకి దిగినా లోపలి డెంటిన్ బయటపడకపోతే బ్రావో. డెంటిన్ గాని, పూరణం కింది పొర గాని బయటపడితే చార్లీ. పూరణం విరిగినా, కదిలినా, ఊడిపోయినా డెల్టా. ఇద్దరు పరీక్షకులు ఒకే పంటిని విడివిడిగా చూసి ఒకే మాట రాయగలగాలన్నది దీని లక్ష్యం.

ఇటువంటి ఏకాభిప్రాయం ఎంత అవసరమో 1983లో ఎల్డర్టన్, నట్టాల్ చూపించారు. ఒకే రోగులను పరీక్షించిన వేర్వేరు దంతవైద్యులు సూచించిన చికిత్సల్లో పెద్ద తేడాలు కనిపించాయి. 1995లో ఎడ్వినా కిడ్ బృందం మరో అడుగు వేసింది. ఎమాల్గం అంచున సందు 0.4 మిల్లీమీటర్లకు మించినప్పుడే దాని కింది డెంటిన్‌లో సూక్ష్మజీవులు చెప్పుకోదగినంత ఎక్కువగా కనిపించాయి. సన్నని సందు ఉన్నంత మాత్రాన కింద పుప్పి ఉన్నట్లు కాదని దీనివల్ల తేలింది.

5. కె08.51: లాభమూ పరిమితీ

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసిడి-10 పట్టికలో పూరణ లోపాలకు ప్రత్యేక ఉపవిభాగం లేదు. 2015 అక్టోబరు 1 నుంచి అమెరికాలో అమలులోకి వచ్చిన ఐసిడి-10-సిఎంలో మాత్రం కె08.5 కింద అవి విడివిడిగా ఉన్నాయి. అంచు తెరుచుకుంటే కె08.51. సరిదిద్దలేనంతగా పదార్థం అంచు దాటి పొడుచుకు వస్తే కె08.52. పదార్థం విరిగితే కె08.53 కింది సంకేతాలు. రూట్ కెనాల్ చికిత్స లోపాలు వేరే అధ్యాయంలోని ఎం27.5 కిందికి వెళతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సందు కింద మళ్ళీ పట్టిన పుప్పికి ఈ పట్టికలో ప్రత్యేక సంకేతం లేదు. అది కొత్త పుప్పితోపాటు కె02లోనే చేరుతుంది. సందు, పుప్పి రెండూ ఉన్న పంటికి కె02 ఒక్కటే రాస్తే అది పాత పూరణం వద్ద పుట్టిన సమస్య అన్న సంగతి మరుగున పడుతుంది. కె08.51 ఒక్కటే రాస్తే వ్యాధి ఉన్న సంగతే కనిపించదు. పైగా సందు ఎంత వెడల్పో, ఏ వైపున ఉందో, డెంటిన్ బయటపడిందో లేదో కె08.51 చెప్పదు. 1971 నాటి నాలుగు అక్షరాలు చెప్పినంత వివరం కూడా అందులో లేదు.

ఆ లోటును తీర్చవలసినది వైద్యుని రాత. పంటి సంఖ్య, లోపం ఉన్న వైపు, పూరణ పదార్థం, మొన దిగిన తీరు, ఎక్స్‌రేలో కనిపించినది, రోగికి జివ్వుమనడం గాని నొప్పి గాని ఉందా అన్నది, చివరగా తీసుకున్న నిర్ణయం రోగపత్రంలో ఉండాలి. ఆ నిర్ణయం గమనిస్తూ ఉండడం, అంచును నునుపు చేయడం, ఆ మేరకు మరమ్మతు చేయడం, పూర్తిగా మార్చడం అనే నాలుగింటిలో ఏదైనా కావచ్చు.

6. ముగింపు

ఈ చరిత్రకు తెలుగువారితో రెండు విధాల సంబంధం ఉంది. అమెరికా వైద్య క్లెయిములకు సంకేతాలు వేసే పని హైదరాబాదులో ఎందరికో జీవనోపాధి. వారు వైద్యుడు రాసినదానికే సంకేతం ఇవ్వగలరు, రాయనిదానిని ఊహించి వేయరాదు. ఇక మన ఊళ్ళలో పంటి చికిత్స ఖర్చును ఎక్కువగా రోగే భరిస్తాడు. బీమా సంస్థ కారణం అడగదు గనుక కారణం కాగితం మీదికి రావలసిన ఒత్తిడి కూడా తక్కువ. అలాంటిచోట రోగి చేతికిచ్చే చీటీలో రెండు పంక్తుల వివరణ ఉన్నా, తర్వాత చూసే వైద్యుడు సందు పెరిగిందో, ఉన్నచోటే ఉందో పోల్చుకోగలడు. అలా పోల్చుకునే ఆధారం దొరికినప్పుడే, మార్చనక్కరలేని పూరణం పంటిలోనే నిలిచే అవకాశం కలుగుతుంది.