ఉద్యోగ దరఖాస్తులో మన గతం: ఏది చెప్పాలి, ఏది చెప్పక్కర్లేదు

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పనికి చేరాలంటే దరఖాస్తు ఫారం ఉండదు. తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు తీసుకెళ్ళి మేస్త్రీకి అప్పజెప్తారు. "ఏ ఊరు? ఎవరబ్బాయివి? ఇంటిపేరేంటి?" అని అడుగుతారు. ఊరి పేరు చెప్పగానే "ఊళ్ళో ఎక్కడ?" అన్న నాలుగో ప్రశ్న వస్తుంది. దాని అర్థం ఏమిటో అడిగేవాడికీ తెలుసు, జవాబు చెప్పే మన కుర్రాడికీ తెలుసు.

అదే కుర్రాడు లారీ బాడీ కట్టే షెడ్డులో వెల్డింగు చేసుకుంటూ, ఐటీఐ పూర్తిచేసి, రైల్వేకో పోలీసు కానిస్టేబుల్‌కో పరీక్ష రాసి నెగ్గాడనుకుందాం. ఇప్పుడు చేతికి నిజంగానే ఒక ఫారం వస్తుంది. అందులో ప్రశ్నలు వేరు. అరెస్టయ్యారా? కేసుందా? కోర్టులో జరిమానా కట్టారా? ఎప్పుడో అంబేడ్కర్ విగ్రహం దగ్గర ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసు గుర్తొస్తుంది. రాస్తే ఉద్యోగం పోతుందేమో, రాయకపోతే ఏమవుతుందో తెలియదు. పక్కనున్నవాళ్ళు "లేదు అని రాసెయ్, ఎవరు చూస్తారు" అంటారు. ఉద్యోగాలు ఎక్కువగా పోయేది ఆ సలహా వల్లే. అందుకే చట్టం ఏమంటోందో, కోర్టులు ఏమన్నాయో ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

అడిగింది చెప్పాలి, అడగనిది చెప్పక్కర్లేదు

మన దేశంలో ఉద్యోగార్థి తన గతమంతా తనంతట తాను యజమాని ముందు పరచాలనే చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నచోట తప్ప, ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు. అయితే సూటిగా అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పడం మౌనం కిందికి రాదు. ఈ తేడా గుర్తుంటే సగం చిక్కులు తీరతాయి.

ప్రభుత్వ ఉద్యోగంలో మాత్రం అడిగే జాబితా చాలా పెద్దది. కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారంలో 12వ కాలమ్ చూడండి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూట్ అయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ అయ్యారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, యూనివర్సిటీ పరీక్షల నుంచి డిబార్ చేసిందా, పబ్లిక్ సర్వీస్ కమిషన్ అనర్హులని తేల్చిందా, ఇప్పుడు ఏ కోర్టులోనైనా కేసు పెండింగ్‌లో ఉందా అని విడివిడిగా అడుగుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చినా, నిజం దాచినా అదే అనర్హత అవుతుందని పైనే హెచ్చరిక ఉంటుంది. ఫారం ఇచ్చిన తర్వాత కొత్తగా ఏదైనా జరిగితే అదీ వెంటనే తెలియజేయాలి.

ఫారం ఇంగ్లీషులో ఉంది, అర్థం కాలేదు అంటే కోర్టు వినదు. కేంద్రీయ విద్యాలయ వ్యాయామ ఉపాధ్యాయుడి కేసు ఒకటి 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తాను హిందీ మీడియంలో చదివానని, ప్రాసిక్యూషన్, కన్విక్షన్ అన్న మాటలు తెలియక 'లేదు' అని రాశానని ఆయన చెప్పాడు. కోర్టు ఒప్పుకోలేదు. తెలుగు మీడియం పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ప్రతి కాలమ్ అర్థం అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.

మనకు తెలియకుండానే పడే 'శిక్షలు'

కృష్ణా డెల్టాలో సంక్రాంతికి కోడిపందేల దగ్గర పట్టుబడటం, చెట్టు కింద పేకాటలో దొరకడం చాలామందికి చిన్న విషయం. ఇవి 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసులు. కోర్టుకు వెళ్ళి "తప్పయింది" అని ఒప్పుకుని జరిమానా కట్టి వచ్చేస్తారు. పని పోకుండా ఒక్కపూటలో తేలిపోయిందనుకుంటారు. కానీ నేరం ఒప్పుకుని కట్టిన జరిమానా శిక్ష కిందే లెక్క. తాగి బండి నడిపిన కేసులో కోర్టులో కట్టిన జరిమానా కూడా అంతే. ఫారంలో 'కోర్టు జరిమానా వేసిందా' అన్న ప్రశ్నకు జవాబు 'అవును' అవుతుంది.

లోక్ అదాలత్‌లో రాజీపడిన కేసు వేరు. చట్టం రాజీకి ఒప్పుకునే నేరమై, రాజీ నమోదైతే అది నిర్దోషిగా విడుదలైనట్టే. అయినా 'ఎప్పుడైనా ప్రాసిక్యూట్ అయ్యారా' అని అడిగితే ఆ కేసు ఉన్నట్టు చెప్పి, ఎలా ముగిసిందో రాయాలి.

బైండోవర్ శిక్ష కాదు, ముందుజాగ్రత్త చర్య. రౌడీ షీట్ పోలీసులు తమ దగ్గర ఉంచుకునే రికార్డు. అది నేర నిర్ధారణ కాదు. కానీ ఫారంలో బైండోవర్ గురించి ప్రత్యేకంగా అడిగితే చెప్పి తీరాలి.

ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 కింద జైలుకు పంపకుండా వదిలిన వారికి, శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతోంది. అంతమాత్రాన శిక్ష పడలేదని రాయకూడదు. బ్రిటన్‌లో 1974 నుంచి ఒక చట్టం ఉంది. కొన్నేళ్ళు గడిచాక పాత చిన్న శిక్షలు చాలా ఉద్యోగాలకు చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్ళ విషయంలో మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఇరవై ఏళ్ళనాటి పేకాట జరిమానా కూడా అడిగితే చెప్పాల్సిందే.

2016 తీర్పు ఏం చెప్పింది

ఈ విషయంలో ఇప్పటికీ ఆధారం అవతార్ సింగ్ వర్సెస్ భారత ప్రభుత్వం కేసు. 2016 జూలై 21న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అంతకుముందు తీర్పుల మధ్య తేడాలను సర్ది, కొన్ని సూత్రాలు చెప్పింది. మనకు పనికొచ్చేవి ఇవీ:

- చెప్పే సమాచారం నిజమై ఉండాలి. శిక్ష, విడుదల, అరెస్టు, పెండింగ్ కేసు ఏదీ దాచకూడదు.
- చిన్న వయసులో నినాదాలు చేయడంలాంటి స్వల్ప కేసు అయితే, దాన్ని చెప్పకపోయినా యజమాని తన విచక్షణతో వదిలేయవచ్చు.
- నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు. గతాన్ని పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది.
- స్వల్ప కేసు పెండింగ్‌లో ఉందని నిజాయితీగా చెప్పినవారిని నియమించవచ్చు.
- చాలా కేసులు పెండింగ్‌లో ఉండి కావాలని దాస్తే, ఆ దాపరికమే నియామకం రద్దుకు కారణం కావచ్చు.
- ఉద్యోగం ఖరారైన వారిని దాపరికం పేరుతో తీసేయాలంటే ముందు శాఖాపరమైన విచారణ జరపాలి.
- ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి. అడిగినంతవరకే చెప్పాలి.
- దాచాడని తేల్చాలంటే ఆ సంగతి అతనికి తెలిసి ఉండాలి.

నినాదాల గురించి కోర్టు చెప్పిన మాట మనకు విలువైంది. శ్మశానం దారి కోసం, ఇళ్ళ స్థలాల కోసం, విగ్రహం కోసం రోడ్డెక్కిన మన యువకుల మీద ఉండే కేసులు చాలావరకు ఇలాంటివే.

తర్వాతి తీర్పులు రెండువైపులా ఉన్నాయి. 2022 మేలో రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ కేసులో, కేసు దాచాడన్న ఒక్క కారణంతో యాంత్రికంగా తీసేయకూడదని సుప్రీంకోర్టు అంది. అదే ఏడాది సెప్టెంబరులో సీఆర్పీఎఫ్ కేసులో యూనిఫాం ఉద్యోగాలకు గట్టి ప్రమాణమే ఉండాలంది. 2024 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ కేసులో మాత్రం అభ్యర్థి వైపు నిలబడింది. చూడాల్సిన అంశాల్లో దరఖాస్తుదారు సామాజిక, ఆర్థిక నేపథ్యాన్ని కూడా చేర్చింది. మన లాయర్లు ఈ తీర్పును తప్పకుండా ఎత్తి చూపాలి.

కౌంటర్ కేసు ఉంటే

అట్రాసిటీ కేసు పెట్టిన మరునాడే మన ఇంట్లో చదువుకున్న కుర్రాడి పేరు చేర్చి ఎదురు కేసు పెట్టడం మన పల్లెలకు కొత్త కాదు. ఉద్యోగానికి తయారవుతున్న వాడినే ఎంచుకుని ఇరికించడంలో ఉద్దేశం తెలిసిందే. రాజీకి రాకపోతే నీ కొడుక్కి ఉద్యోగం రాదని బెదిరిస్తారు.

ఇక్కడ రెండు పనులు చేయాలి. ఒకటి, ఫారంలో ఆ కేసు దాచకూడదు. నంబరు, సెక్షన్లు రాసి, అంతకుముందు మనం పెట్టిన అట్రాసిటీ కేసు నంబరు, తేదీ పక్కనే రాసి, రెండు ఎఫ్ఐఆర్ కాపీలూ జతచేయాలి. తేదీలే కథ చెబుతాయి. రెండు, ఎస్సీ, ఎస్టీల మీద తప్పుడు, ద్వేషపూరిత కేసులు వేయడం కూడా అట్రాసిటీ నేరమే. 2015 సవరణ తర్వాత ఇది సెక్షన్ 3(1)(పి) కింద ఉంది, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది.

పద్దెనిమిదేళ్ళ లోపు జరిగితే

షెడ్డుల్లో పదిహేనేళ్ళకే పనికి చేరిన పిల్లలు ఇనుప సామాను దొంగతనం కేసులోనో, కొట్లాటలోనో ఇరుక్కుంటే అది జీవితాంతం వెంటాడకూడదని బాలల న్యాయ చట్టం, 2015 చెబుతోంది. 24వ సెక్షన్ ప్రకారం ఆ కేసు వల్ల ఏ అనర్హతా రాదు. కేసు ముగిసిపోయాక ప్రవర్తన ధ్రువీకరణ కోసం పోలీసులు ఆ వివరాలు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ అంటుంది. పదహారు దాటి, తీవ్ర నేరంలో పెద్దవారిగా విచారించిన కేసులకు 24వ సెక్షన్ రక్షణ వర్తించదు. మైనరుగా ఉన్నప్పటి కేసును చూపి ఉద్యోగం నిరాకరించడాన్ని 2019లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

చదువు, పాత ఉద్యోగం

ఎక్కువ చదివామని దాచడమూ దాపరికమే. డిగ్రీ ఉన్నవారు అర్హులు కారని ప్రకటించిన ప్యూను పోస్టుకు, ఇంటరే చదివానని చూపి చేరిన వ్యక్తిని పంజాబ్ నేషనల్ బ్యాంకు తీసేస్తే, 2020లో సుప్రీంకోర్టు బ్యాంకునే సమర్థించింది. డిగ్రీ చదివీ ప్యూను పోస్టుకు పోవాల్సిన పరిస్థితి ఎవరిది అన్న ప్రశ్న అలాగే ఉంది. మన రాష్ట్రంలోనూ, అప్పటికే చేస్తున్న ఉద్యోగం దాచిన ఏపీపీఎస్సీ అభ్యర్థికి 2005లో సుప్రీంకోర్టులో ఓటమే ఎదురైంది. ప్రైవేటులోనైతే పీఎఫ్ యూఏఎన్ నంబరుతో పాత కంపెనీలు, చేరిన తేదీ, మానేసిన తేదీ బయటపడతాయి. అనుభవం సర్టిఫికెట్ కొనుక్కుని పెట్టొద్దు.

కులం, మతం

రిజర్వేషన్ కోరినప్పుడు కులం చెప్పాలి, సర్టిఫికెట్ నిజమైనదై ఉండాలి. తప్పుడు సర్టిఫికెట్‌తో వచ్చిన ఉద్యోగం ఎన్నేళ్ళ తర్వాతైనా పోతుందని 2017లో ఎఫ్‌సీఐ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన రాష్ట్రంలో 1993 నాటి చట్టం కింద అది నేరం కూడా.

డెల్టాలో కష్టమైన ప్రశ్న క్రైస్తవులది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలూ, వారి సంతానమూ మన దగ్గర బీసీ-సి, రిజర్వేషన్ 1 శాతం. పుదుచ్చేరిలో గుమస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన క్రైస్తవ మహిళకు 2024 నవంబరులో సుప్రీంకోర్టు కాదంది. గుడిసె మారలేదు, పేట మారలేదు, "ఊళ్ళో ఎక్కడ?" అన్న ప్రశ్నా మారలేదు. ఈ ఉత్తర్వు అన్యాయమని 2004 నుంచి వ్యాజ్యం నడిచింది, 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఉత్తర్వు మారేదాకా ఫారంలో మతం గురించి అబద్ధం రాయడం ప్రమాదమే.

ప్రైవేటు ఉద్యోగంలో కులం చెప్పాల్సిన అవసరం లేదు. "మా వివరాలన్నీ ఆధార్‌లో ఉన్నాయండీ" అని ఊరుకోవచ్చు. కులం కారణంగా పని చేయనివ్వకుండా అడ్డుకుంటే 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్, అట్రాసిటీ చట్టం 3(1)(జెడ్ఏ) ఉన్నాయి. రుజువు చేయడం మాత్రం కష్టం. ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. దళిత ఇంటిపేరున్న వారికి పిలుపు వచ్చే అవకాశం తక్కువని అందులో తేలింది. నోరు తెరవకుండానే ఇంటిపేరు మన 'గతం' చెప్పేస్తోంది. డెల్టాలో ఎరుకల వారిది ఇంకా కష్టం. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. స్టువర్టుపురం అన్న చిరునామా మీద అనుమానం మాత్రం పోలేదు. ఊరి పేరు నేరం కాదు, దాన్ని వివరించుకోవాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

ఫారం నింపే ముందు

1. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ పేరుతో వెతకండి. ఎఫ్ఐఆర్‌లను ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, సున్నితమైన కేసులు తప్ప. పోలీసు వెబ్‌సైట్‌లో చూసుకోండి.
2. ముగిసిన ప్రతి కేసుకూ తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. "కొట్టేశారు" అన్న మాట చాలదు.
3. ప్రశ్నను రెండుసార్లు చదవండి. 'శిక్ష పడిందా' వేరు, 'కేసుందా' వేరు.
4. కాలమ్‌లో చోటు చాలకపోతే వేరే కాగితం మీద రాసి జతచేయండి.
5. నింపిన ఫారం జిరాక్స్ దగ్గర పెట్టుకోండి.
6. ఉద్యోగం నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి.
7. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. మండల న్యాయసేవా కమిటీకి వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

చట్టం అడిగింది దాచి ఉద్యోగం పోగొట్టుకోవద్దు. చట్టం అడగనిది చెప్పి తల దించుకోవద్దు. రేపు మన పేటలో ఎవరి చేతికి ఆ ఫారం వచ్చినా, సంతకానికి ముందు ఈ కాగితం పక్కన పెట్టుకుని చదవమని చెప్పండి.