తొమ్మిది, పది తరగతుల కబురు ఇంటికి చేరుతోందా?

కోఠి పక్కనే ఉన్న ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910లో దళిత పిల్లల కోసం బడి పెట్టారు. అంతకుముందే, 1906లో, ఆయన ప్రారంభించిన జగన్మిత్ర మండలి హరికథలతో బస్తీ పెద్దల దగ్గరికి వెళ్లింది. పిల్లల చదువు గురించి ఇంటివాళ్లతో మాట్లాడటం ఇప్పుడు చట్టం పెట్టిన బాధ్యత.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం సెక్షన్ 24 ప్రకారం టీచర్లు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, చదువులో ప్రగతి చెప్పాలి. సెక్షన్ 21 కింద యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు ఈ సెక్షన్ వర్తించదు. నారాయణగూడ, చిక్కడపల్లి తల్లిదండ్రులు గమనించాలి.

చట్టం ఎనిమిదో తరగతితోనే ఆగిపోతుంది. అసలు చిక్కులు ఆ తర్వాతే. తొమ్మిది, పది చదివే ఎస్సీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉండాలి. గడువు ఇంట్లో తెలియకపోతే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. పదో తరగతి నామినల్ రోల్‌లో పేరు, పుట్టిన తేదీ తప్పు పడితే అదే మెమోలోకి ఎక్కుతుంది. తర్వాత దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాబట్టి పంపేముందే తల్లిదండ్రులకు చదివి వినిపించమని అడగాలి.

వాట్సాప్‌లో పెట్టేశాం అంటే సరిపోదు. స్మార్ట్‌ఫోన్ లేని ఇల్లుంది, చదవడం రాని అమ్మ ఉంది. పనివేళలో మీటింగు పెడితే కూలి పోతుంది. సర్కారు బడిలో కమిటీ సమావేశాల మినిట్స్‌ను సమాచార హక్కు కింద అడగొచ్చు. ఎవరిని పిలిచారో, ఎవరు వచ్చారో అందులోనే తెలుస్తుంది.