బొగ్గుగనుల ప్రాంత చరిత్ర: గ్రంథాలను, పటాలను చదివే పద్ధతి

పరిచయం

స్థానిక చరిత్ర రాయదలచిన విద్యార్థి మొదట వేసుకునే ప్రశ్న: ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. దొరికిన ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలి? సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంపై అచ్చయిన గ్రంథాలను, పటాలను ఉదాహరణగా తీసుకొని ఈ రెండో ప్రశ్నను పరిశీలిద్దాం.

1. పేరు ఒకటే, ఊళ్లు రెండు

మర్పల్లి, వికారాబాద్ ప్రాంతపు విద్యార్థికి ఒక పాత పుస్తకంలో 'తాండూరు బొగ్గు క్షేత్రం' అనే మాట కనిపిస్తే, అది తమ తాండూరే అనుకోవడం సహజం. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో నేనూ ఆ పొరపాటు చేశాను. బొగ్గు గురించి రాసుకున్న కార్డును వికారాబాద్ కట్టలో పెట్టి, దానిపై నాలుగు పేజీల వాదన అల్లాను. పటం విప్పి చూశాక ఆ పేజీలు చించివేయవలసి వచ్చింది.

బొగ్గు ఉన్న తాండూరు బెల్లంపల్లికి సమీపంలో, నేటి మంచిర్యాల జిల్లాలో ఉంది. వికారాబాద్ జిల్లాలోని తాండూరు నాపరాళ్లకు, అంటే సున్నపురాతి బండలకు ప్రసిద్ధి. మన రాష్ట్రంలో బొగ్గు ప్రాణహిత-గోదావరి లోయ వెంబడి ఉన్న గోండ్వానా శిలల్లో లభిస్తుంది. వికారాబాద్ వైపు దక్కన్ లావా శిలలు, ఎర్రటి లేటరైటు, సున్నపురాయి కనిపిస్తాయి. అంటే గ్రంథం చెప్పినదాన్ని నేల కూడా ఒప్పుకోవాలి.

జిల్లా పేర్లతోనూ జాగ్రత్త అవసరం. నాపరాళ్ల తాండూరు 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఇల్లెందు నిజాం కాలంలో వరంగల్ జిల్లాకు చెందింది. 1953లో ఖమ్మం జిల్లాలోకి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. కాబట్టి 1909 నాటి గెజిటీరులో ఇల్లెందు కోసం ఖమ్మం జిల్లా పేజీలు వెతికితే ఫలితం ఉండదు. పుస్తకం అచ్చయిన సంవత్సరాన్ని ముందు చూసి, ఆనాటి జిల్లా పటాన్ని పక్కన పెట్టుకొని చదవాలి.

2. ఎవరు రాశారు? ఎవరి కోసం?

ఇల్లెందు వద్ద బొగ్గును 1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ కనుగొన్నారని కంపెనీ చరిత్ర చెబుతుంది. ప్రాణహిత-గోదావరి లోయ భూగర్భ నిర్మాణంపై ఆయన రాసిన గ్రంథం 1881లో వెలువడింది. భద్రాచలం వెళ్లే యాత్రికులు వంట కోసం పొయ్యి పెడితే నల్లరాళ్లు అంటుకున్నాయన్న కథ కూడా ప్రచారంలో ఉంది. మొదటిది శాస్త్రీయ నివేదిక, రెండోది జనశ్రుతి. జనశ్రుతిని తేదీకి ఆధారంగా తీసుకోలేం. అయితే 'కనుగొనడం' అనే గౌరవం ఎవరికి దక్కాలన్న ప్రశ్నను అది మన ముందుంచుతుంది. ఆ నేల మీద తరతరాలుగా బతికినవారికి నల్లరాయి తెలియదని ఏ నివేదికా నిరూపించలేదు.

1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇంగ్లండులో నమోదై గనుల హక్కులు పొందింది. ఈ ఒప్పందంపై, అందులో నిజాం ప్రభుత్వ అధికారి అబ్దుల్ హక్ పాత్రపై, వాటాల లావాదేవీలపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం సాక్ష్యాలు తీసుకొని నివేదిక ప్రచురించింది. బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. అంటే మొదటి తట్ట బొగ్గు పైకి రాకముందే వాటాల చరిత్ర అచ్చుకెక్కింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం, 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనడం వంటి ఘట్టాలు కూడా కాగితాలపై స్పష్టంగానే ఉన్నాయి. యాజమాన్యం మారిన తేదీలకు ఇవి మంచి ఆధారాలు. గనిలో దిగినవారి బతుకును ఇవి చెప్పవు. వాటిని రాసిన ఉద్దేశం అది కాదు.

3. పటాలు చెప్పేవి, చెప్పనివి

భూగర్భ పటం బొగ్గు పొరలు ఎక్కడున్నాయో చూపుతుంది. రైలు మార్గాల పటం ఆ బొగ్గు ఎటు వెళ్లిందో చూపుతుంది. సికింద్రాబాద్-వాడి రైలు మార్గం 1874లోనే వికారాబాద్, తాండూరు మీదుగా వచ్చింది. తర్వాత నిజాం రైల్వే తూర్పు వైపు వరంగల్, డోర్నకల్ మీదుగా సాగింది. డోర్నకల్ నుంచి గనుల వద్దకు శాఖామార్గం వేశారు. రైళ్లకు బొగ్గు కావాలి, బొగ్గు కదలడానికి రైలు కావాలి. ఈ రెండు పటాలను పక్కపక్కన పెడితే వికారాబాద్ ప్రాంతానికి సింగరేణితో ఉన్న అసలు సంబంధం తెలుస్తుంది. మనది బొగ్గు తవ్విన నేల కాదు, బొగ్గుతో నడిచిన రైలు దారి.

ఏ పటంలోనూ కూలీ ఇల్లు ఉండదు. పాత ఛాయాచిత్రాల్లో మనుషులు కనిపించినా, చాలాసార్లు యంత్రం ఎంత పెద్దదో చూపడానికి నిలబెట్టినవారే. దొరల పేర్లు కింద ఉంటాయి, కూలీల పేర్లు ఉండవు.

4. ఖాళీలను పూరించడం

ఈ ఖాళీని పూరించేవి మూడు: హాజరు మస్టర్లు, ప్రమాద నివేదికల వంటి పత్రాలు, కార్మిక కుటుంబాల జ్ఞాపకాలు, సాహిత్యం. అల్లం రాజయ్య వంటి రచయితల కథల్లో గని కార్మికుల జీవితం కనిపిస్తుంది. కథను తేదీలకు, సంఖ్యలకు వాడరాదు. తట్టా చెమ్మస్ పట్టిన మనిషి బాయి దిగేటప్పుడు ఏమనుకునేవాడో తెలుసుకోవడానికి అంతకంటే దగ్గరి ఆధారం దొరకడం కష్టం. జ్ఞాపకాలు మాత్రం ఆగవు. ఆవిరి ఇంజిన్ల కాలం చూసినవారు, తట్టలతో బొగ్గు మోసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. గ్రంథాలయంలోని పుస్తకం మీ కోసం పదేళ్లు ఆగుతుంది, వారు ఆగలేరు.

సారాంశం

ప్రతి ఆధారాన్నీ నాలుగు ప్రశ్నలతో పరీక్షించాలి: ఇది ఏ ఊరు? ఏ కాలపు జిల్లా? ఎవరు, ఎవరి కోసం రాశారు? ఇందులో ఎవరు లేరు? మొదటి రెండు ప్రశ్నలు మిమ్మల్ని పొరపాటు నుంచి కాపాడతాయి. చివరి రెండు మిమ్మల్ని చరిత్రకారులుగా తయారు చేస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రెండు తాండూరుల మధ్య తేడాను భూగర్భ, పరిపాలనా ఆధారాలతో వివరించండి.
2. 1888 విచారణ నివేదికను ఏ అంశాలకు ఆధారంగా వాడవచ్చు? ఏ అంశాలకు వాడరాదు?
3. మర్పల్లి లేదా మీకు దగ్గరలోని రైల్వే స్టేషన్ పరిసరాల్లో ఉండే ఒక వృద్ధుణ్ణి గాని, వృద్ధురాలిని గాని కలిసి, ఆవిరి ఇంజిన్ల కాలపు జ్ఞాపకాలను వారి మాటల్లోనే రెండు పేజీలు రాయండి. తేదీ, స్థలం తప్పక నమోదు చేయండి.