కొర్రసాళ్ళలో కంది

కర్నూలు, కడప సీమలలో సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును. అదియు నిలుకడగా కురియదు. అందుచేత పూర్వము మెట్టరైతు ఒక్క పైరునే నమ్ముకొనెడివాడు కాడు. గొర్రుతో కొర్ర విత్తి, కొన్ని సాళ్ళకొకటి చొప్పున కంది వేసెడివాడు. కొర్ర మూడు నెలలకే పండి ఇంటికి తిండి, పశువులకు మేత ఇచ్చును. కంది వేరు లోతునకు దిగి, అడుగు పదునుతో పుష్యమాసము వరకు నిలుచును. ఒకటి పోయినను రెండవది దక్కవచ్చును.

కంది వేసిన చేను మరుసటేడు బాగుండునని రైతు ఎరుగును. కారణము 1886లో తేలినది. పప్పుజాతి మొక్కల వేరుబొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరునకు అందించునని జర్మనీ శాస్త్రజ్ఞులు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ నిరూపించిరి.

20వ శతాబ్దమున నూనెగింజలకు గిరాకి పెరుగగా వేరుసెనగ అనేక చేలను ఆక్రమించినది. చేతికి రొక్కము వచ్చినది. కాని ఊడలు దిగువేళ వాన తప్పిన యేడు అప్పే మిగిలినది.

2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకృతి వ్యవసాయ పథకమును చేపట్టగా, పలుపైరులను కలిపి వేయుటకు మరల ప్రాధాన్యము లభించినది. ఇందు కోతలు వేరువేరుగా జరుగును, శ్రమ హెచ్చు. అయినను మెట్టసేద్యమునకు మంచియేటి రాబడి ఒక్కటే కొలత కాదు; చెడ్డయేట ఇంటికి చేరిన గింజయు కొలతయే.