పొడిచే ఎద్దుకు పూచీ ఎవరిది?

బాగ్దాద్ శివార్లలోని తెల్ హర్మల్ దిబ్బలో 1940లలో జరిగిన తవ్వకాల్లో రెండు మట్టి పలకలు బయటపడ్డాయి. సుమారు 3,800 ఏళ్ల కిందటి ఎష్నున్నా రాజ్యపు శాసనం వాటి మీద ఉంది. ధాన్యం ధరలతో, పడవల అద్దెలతో మొదలయ్యే ఆ శాసనం చివర్లో పశువుల సంగతికి వస్తుంది.

ఎద్దు పొడుస్తోందని పేట పెద్దలు యజమానికి చెప్పారు. అయినా అతను దాన్ని అదుపులో పెట్టలేదు. అది మనిషిని పొడిచి చంపితే యజమాని 40 షెకెళ్ల వెండి ఇచ్చుకోవాలి. షెకెల్ అంటే సుమారు 8 గ్రాములు. పిచ్చికుక్కను కట్టడి చేయమని పేట పెద్దలు చెప్పినా వినని వాడికీ అదే శిక్ష. చనిపోయింది బానిస అయితే మాత్రం 15 షెకెళ్లే! ప్రాణానికి ప్రాణానికి తేడా చూసిన కాలమది. ఆ వెంటనే ఒరిగిపోతున్న గోడ గురించిన నిబంధన ఉంది. చెప్పినా బాగుచేయించని గోడ కూలి మనిషి పోతే అది మరణశిక్ష పడదగిన నేరం, తీర్పు రాజుదే. ఎద్దు, కుక్క, గోడ మూడింటికీ సూత్రం ఒక్కటే: ముందుగా చెప్పారా? విన్నవాడు ఏం చేశాడు?

కొద్దికాలానికే బాబిలోన్ రాజు హమ్మురాబి ఇదే విషయాన్ని రాతి మీద చెక్కించాడు. ఆ శిల ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దారిన పోయే ఎద్దు ఉన్నట్టుండి ఎవరినైనా పొడిచి చంపితే దావాకు తావు లేదని 250వ నిబంధన చెబుతుంది. దాని పొడుపు సంగతి పేట వాళ్లు ముందే చెప్పి ఉంటే మాత్రం 251వ నిబంధన ప్రకారం యజమాని అరమీనా వెండి, అంటే 30 షెకెళ్లు చెల్లించాలి. బైబిల్లోని నిర్గమకాండం ఇంకా కఠినం. హెచ్చరించినా ఎద్దును అదుపులో పెట్టనివాడికి మరణశిక్షే. పరిహారం విధిస్తేనే అతని ప్రాణం దక్కుతుంది.

మన దేశంలో కౌటిల్యుడు ఈ విషయాన్ని అర్థశాస్త్రంలోని కంటకశోధన అధికరణంలో చెప్పాడు. కొమ్ముల జంతువో కోరల జంతువో మనిషి మీద పడుతుంటే విడిపించని యజమానికి పూర్వసాహస దండం, అంటే 48 నుంచి 96 పణాల జరిమానా. కాపాడమని కేకలు వేసినా కదలకపోతే దానికి రెట్టింపు. ఏ పాపమూ ఎరుగని మనిషిని ఏనుగు చంపితే మావటికి అన్నిటికన్నా పెద్ద జరిమానా. యాజ్ఞవల్క్య స్మృతిలోనూ కొమ్ములు, కోరలు ఉన్న జంతువుల యజమానికి ఇదే నియమం కనిపిస్తుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో, తిక్కన కాలంలోనే, కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

1860 నాటి భారత శిక్షాస్మృతి 289వ సెక్షన్‌లో ఈ పూచీని చేర్చింది. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలోకి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ వచ్చింది. తన దగ్గరున్న జంతువు వల్ల ప్రాణాపాయమో తీవ్ర గాయమో జరిగే అవకాశం ఉన్నా, తెలిసి గానీ నిర్లక్ష్యంతో గానీ తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ వర్తించాలంటే ఎవరినో ఒకరిని కరిచే దాకా ఆగాల్సిన పనిలేదు. జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం.

ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. వీధిలోకి వదిలేసిన పెంపుడు కుక్క పిల్లల మీదికి ఉరుకుతుంటే పక్కింటివాళ్లతో గొడవెందుకని ఊరుకుంటాం. కరిచాక ఆస్పత్రికి పరుగెత్తుతాం. గేటుకు ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అని బోర్డు పెట్టినంత మాత్రాన యజమాని పూచీ తీరిపోదు. తన కుక్క సంగతి తనకు తెలుసని ఆయనే ఒప్పుకున్నట్టు.

ఎష్నున్నా పేట పెద్దలు చేసింది చిన్న పనే. ప్రమాదం జరగకముందే ఇంటికెళ్లి చెప్పారు. ఆ మాట తర్వాత ‘నాకు తెలియదు’ అనే సాకు చెల్లలేదు. ఇవాళ ఆ పని అపార్ట్‌మెంట్ సంఘం, వార్డు సభ్యుడు, పంచాయతీ కార్యదర్శి, మున్సిపాలిటీ చేయాలి. నోటిమాటతో సరిపెట్టకుండా తేదీ వేసి కాగితం మీద రాసివ్వాలి, నకలు దాచాలి. యజమానికి ముందే తెలుసని రుజువు చేయడానికి ఆ కాగితం పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ కాగితం అందుకున్న యజమానే కుక్కకు గొలుసు వేస్తే ఏ పసివాడికీ గాయం కాదు.